అద్దం ఉన్న కెమెరా, అద్దం లేని కెమెరా

విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే రాజమార్గాన్ని గుడివాడ నుంచి నూజివీడు పోయే రోడ్డు అడ్డంగా దాటే చోటుకు హనుమాన్ జంక్షన్ అని పేరు. నాలుగు దిక్కులకూ దారి ఉన్న ఊరు కనుక ఇక్కడికి రాని సరుకు లేదు, చేరని కబురు లేదు. నూజివీడు మామిడికాయల బేరమైనా, గుడివాడ వైపు ధాన్యం ధర అయినా ముందు ఇక్కడి కాఫీ హోటలు బల్లల మీద తేలవలసిందే. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆ బల్లల మీదికి మరో ప్రశ్న ఎక్కి కూర్చున్నది. పెళ్ళి ఖాయమైన ఇంటివారు వంటవాణ్ణి, సన్నాయిమేళాన్ని కుదుర్చుకున్న తరువాత ఫొటోగ్రాఫరును పిలిచి మొట్టమొదట అడిగే మాట ఇది: "మీది మిర్రర్‌లెస్ కెమెరాయేనా?"

అడిగేవారిలో చాలామందికి ఆ మిర్రర్‌లెస్ ఏమిటో తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. మన భాషే ఇక్కడ చిన్న చిక్కు తెచ్చిపెట్టింది. తెలుగులో ముఖం చూసుకునేదీ అద్దమే, కిటికీకి బిగించే గాజుపలకా అద్దమే, ముక్కు మీద నిలిచేవీ కళ్ళద్దాలే. అందుచేత "అద్దం లేని కెమెరా" అని ఎవరో తెనిగించి చెప్పగానే మా వీధిలోని ఒక పెద్దమనిషి మండిపడ్డారు. "అద్దమే లేకపోతే బొమ్మ ఎట్లా పడుతుందండీ? అంతా దగా!" అన్నారు. ఆయన తలచుకున్న అద్దం లెన్సు. లెన్సు రెండు రకాల కెమెరాలకూ ఉంటుంది. లేనిదల్లా లోపల ఏటవాలుగా అమర్చిన, ముఖం చూసుకునే రకం అద్దం. డి.ఎస్.ఎల్.ఆర్. అనే కెమెరాకు అది ఉంటుంది, మిర్రర్‌లెస్ కెమెరాకు ఉండదు. పేచీ అంతా ఆ చిన్న అద్దం గురించే.

అద్దం ఎందుకు వచ్చింది?

నిజానికి అద్దం లేని కెమెరా మన ఇళ్ళకు కొత్త కాదు. తాతగారి బీరువాలో ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా ఉన్నవారు తీసి చూడవచ్చును. రీలుకు 12 ఫొటోలు పడే ఆ పెట్టెలో అద్దం లేదు. లెన్సు ఒకచోట, మనం కన్ను పెట్టి చూసే కిటికీ మరొకచోట. కన్ను చూసినది ఒకటి, లెన్సు చూసినది మరొకటి. అందుకే దగ్గర నుంచి తీసిన పాత ఫొటోలలో అత్తగారి తల సగం తెగిపోవడం, పక్కింటి గోడ మాత్రం నిక్షేపంగా పడడం జరిగేది.

స్టూడియోలవారు రెండు లెన్సుల కెమెరాలు వాడేవారు. పై లెన్సు చూడడానికి, కింది లెన్సు తీయడానికి. పై లెన్సు వెనుక కదలని అద్దం ఒకటి ఉండేది. ఫొటోగ్రాఫరు తల వంచి పై నుంచి చూస్తే కుడి ఎడమగాను, ఎడమ కుడిగాను కనపడేది. ఈ తికమక లేకుండా, ఏ లెన్సుతో బొమ్మ తీస్తామో ఆ లెన్సులో నుంచే చూసే ఉపాయం కావలసి వచ్చింది. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో తయారయిన కైన్ ఎక్సాక్టా 35 మిల్లీమీటర్ల ఫిలింతో ఆ ఉపాయాన్ని సాధించింది. 1949లో కాంటాక్స్ ఎస్ కెమెరాకు గాజు పట్టకం చేరి, బొమ్మ కంటికి తిన్నగా కనపడసాగింది. 1954లో జపానువారి ఆసాహీఫ్లెక్స్ 2బి లో, పైకి లేచిన అద్దం తనంతట తాను కిందికి దిగడం నేర్చుకున్నది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చిన దరిమిలా పత్రికా విలేఖరుల మెడలలో ఈ రకం కెమెరాయే వేలాడింది.

దాని పని తీరు తేలికగా తెలుసుకోవచ్చును. లెన్సు గుండా వచ్చిన వెలుగు ఏటవాలు అద్దానికి తగిలి పైకి మళ్ళుతుంది. పైన పట్టకంలో తిరిగి మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం లేచి దారి ఇస్తుంది. వెనుక షట్టరు తెరుచుకొని వెలుగు ఫిలిం మీద పడుతుంది. మరుక్షణం అద్దం దిగుతుంది. పెళ్ళి పందిట్లో మనం వినే 'టక టక' చప్పుడులో అద్దం వాటా పెద్దది.

1975లో కోడక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు ఫిలిం అక్కరలేని కెమెరాను తయారుచేశాడు. అది పదివేల చుక్కల బొమ్మను కాసెట్టు టేపు మీద ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేదట. అక్కడి నుంచి 1991లో కోడక్ వారు నికాన్ ఎఫ్3 కెమెరాకు డిజిటల్ భాగం అమర్చడం, 1999లో నికాన్ డి1 రావడం జరిగినవి. ఫిలిం ఉండే చోట సెన్సారు వచ్చి కూర్చున్నది. అద్దం మాత్రం అట్లాగే ఉండిపోయింది. సెన్సారు తాను చూసినదాన్ని తడవు లేకుండా, ఎడతెగకుండా మన కంటికి చూపగల నేర్పు అప్పటికి రాలేదు గనుక అద్దం అవసరం తీరలేదు.

ఆ నేర్పు వచ్చిన తరువాత అద్దానికి పని తగ్గింది. 2008లో పానసోనిక్ జి1 తో ఈ కొత్త వంశం మొదలయింది. 2013లో సోనీ ఏ7 వచ్చింది. 2018లో నికాన్, కెనాన్ కూడా పెద్ద సెన్సారుతో ఆ బాట పట్టినవి. 2020లో మొదటిసారిగా జపాను కంపెనీలు పంపిణీ చేసిన కెమెరాలలో డి.ఎస్.ఎల్.ఆర్.ల కన్నా మిర్రర్‌లెస్‌లే ఎక్కువయినవి. ఆ ఏడాది తరువాత కెనాన్, నికాన్ కొత్త డి.ఎస్.ఎల్.ఆర్. నమూనా ఏదీ తీసుకురాలేదు. పెంటాక్స్ ఒక్కటే పాత వ్రతం విడవకుండా 2021లో కె-3 మార్క్ 3, 2023లో దాని నలుపు తెలుపు రూపం విడుదల చేసింది. ఏరు దాటి తెప్ప తగలేశారని కొందరు నొచ్చుకోవచ్చును గాని, కంపెనీల మొగ్గు ఎటో ఇందులో దాపరికం లేదు.

ఒక గొలుసు సంగతి

ఇదంతా చరిత్ర. చరిత్ర చదివి ఎవరూ అప్పు చేయరు. కాని ఈ మార్పు ఒక ఇంటి మీదికి ఎట్లా వచ్చి పడుతుందో చూచిన తరువాత ఈ వ్యాసం రాయాలని నాకు తోచింది.

నా దగ్గర డిగ్రీ చదివిన అబ్బాయి ఒకడు జంక్షన్‌లో ఫొటో స్టూడియో నడుపుతున్నాడు. 2016లో తల్లి మెడలోని గొలుసు బ్యాంకులో కుదువబెట్టి రెండు నికాన్ డి750 కెమెరాలు, మూడు లెన్సులు కొన్నాడు. గొలుసు మూడేళ్ళకు ఇంటికి వచ్చింది. ఏడాదికి పాతిక ముహూర్తాలు తప్పకుండా తగులుతాయి. ఇట్లా సాఫీగా సాగుతూ ఉండగా, నూజివీడు వైపు సంబంధంవారు ఒకరు ఆల్బములన్నీ చూచి మెచ్చుకొని కూడా, మిర్రర్‌లెస్ లేదనే ఒక్క కారణాన మరొకరిని కుదుర్చుకున్నారు. అబ్బాయి బెంగపడి విజయవాడ వెళ్ళి విచారించాడు. పాత సరంజామా అంతా ఇచ్చివేసి కొత్త కెమెరాలు రెండు, కొత్త లెన్సులు మూడు తీసుకుంటే పైన ఎంత కట్టాలో అక్కడ లెక్క వేసి ఇచ్చారు. గొలుసు మళ్ళీ బ్యాంకుకు వెళితే తప్ప కుదిరే లెక్క కాదు అది.

గుళ్ళలోని శాసనాలను, తాళపత్రాలను ఫొటో తీసుకునే అలవాటు నాకు ఉన్నది గనుక కాగితం నా దగ్గరికి తెచ్చాడు. "మాస్టారూ, మీరేమంటారు?" అన్నాడు.

"అమ్మ ఏమన్నారోయ్?" అని అడిగాను.

"తీసుకుపొమ్మన్నదండీ. మెడలో ఉంటే అన్నం పెడుతుందా అన్నది."

ఆ మాట విన్నాక తొందరపడి సలహా చెప్పబుద్ధి కాలేదు. కొనకముందు ఒక్కరోజు అద్దెకు తెచ్చి వాడి చూడమన్నాను. గుడివాడ దగ్గర ఒక ఊళ్ళో రాత్రి ముహూర్తానికి నికాన్ జడ్6-2 అనే మిర్రర్‌లెస్ ఒకటి, పాత లెన్సులను దానికి తగిలించే అడాప్టరు ఒకటి అద్దెకు తెచ్చాడు. ఒక భుజాన పాతది, మరో భుజాన కొత్తది. రెంటిలోనూ 24 మెగాపిక్సెళ్ళే. లెన్సులూ అవే. ఇంతకన్నా న్యాయమైన పోటీ పెట్టలేము.

పందిట్లో తేలినది

మరునాడు జతలు జతలుగా ఫొటోలు వేయించి, ఏది దేనితో తీసినదో చెప్పకుండా అబ్బాయి తల్లిగారి ముందు, మా ఇంటావిడ ముందు, పక్క కొట్టు దర్జీగారి ముందు పరిచాము. గడప పూజ, స్నాతకం, బంధువుల గ్రూపు ఫొటోలు, అప్పగింతలు, వీటిలో ఎవరూ తేడా పట్టలేకపోయారు. వెలుగు చాలినంత ఉండి మనుషులు నిలకడగా ఉంటే బొమ్మను తేల్చేది లెన్సూ, తీసేవాడి చెయ్యీను. అద్దం ఉన్నదా లేదా అని ఫొటోకు తెలియదు.

తేడా కనపడినది మంటపంలో. జీలకర్ర బెల్లం వేళ పెళ్ళికూతురు తల వంచుకొని, ఓరగా చూసినది ఒక్క క్షణం. కొత్త కెమెరా మనిషి కన్ను ఎక్కడ ఉన్నదో తానే వెతికి దాని మీద దృష్టి నిలుపుతుంది. పాత కెమెరాలో దృష్టి నిలిపే చుక్కలు నడిమధ్యనే గుమిగూడి ఉంటాయి. అంచున ఉన్న ముఖాన్ని పట్టాలంటే తీసేవాడికి చేతివాటం ఉండాలి. ఇక్కడ కొత్తదానికి మార్కులు పడినవి. వెలుగు ఎక్కువ తక్కువలు మీట నొక్కక ముందే చూపుడు కిటికీలో కనపడడం మరో సౌకర్యం. వీడియో తీసేటప్పుడు పాతదానిలో అద్దం పైకి లేచి నిలిచిపోతుంది కనుక కిటికీ చీకటి అవుతుంది, వెనుక తెర చూచి తీయవలసిందే. కొత్తదానికి ఆ ఇబ్బంది లేదు. ఇప్పుడు పెళ్ళివారు వీడియోను ఫొటోతో సమానంగా అడుగుతున్నారు గదా!

చప్పుడు లేకుండా తీయవచ్చునన్నది కొత్తదాని మరో గొప్ప. మంగళసూత్రధారణ వేళ పురోహితులవారి పక్కన నిలబడి టకటకలాడించనక్కరలేదు. కాని ఇక్కడే ఒక కిటుకు ఉన్నది. చప్పుడు లేని పద్ధతిలో సెన్సారు బొమ్మను ఒక్కసారిగా కాక వరుస వెంబడి వరుసగా చదువుకుంటుంది. మంటపానికి కట్టిన ఎల్.ఇ.డి. దీపాలు మన కంటికి తెలియని వేగంతో మిణుకుతూ ఉంటాయి. రెండూ కలిస్తే ఫొటో మీద అడ్డచారలు పడతాయి. ఆ రాత్రి మూడు మంచి ఫొటోలు అట్లా చారల పాలయినవి. తలంబ్రాల వంటి వేగమైన కదలిక కూడా ఈ పద్ధతిలో వంకర పోవచ్చును. దీపాల కింద మామూలు షట్టరు వాడడమే మేలు.

మరొకటి బ్యాటరీ. అద్దం ఉన్న కెమెరాలో చూపు వెలుగుతోనే జరుగుతుంది, విద్యుత్తు ఖర్చు స్వల్పం. అద్దం లేనిదానిలో సెన్సారూ, చిన్న తెరా చూసినంతసేపూ మేలుకొనే ఉండాలి. కంపెనీ లెక్కల ప్రకారం డి750 ఒక బ్యాటరీతో సుమారు 1,230 ఫొటోలు తీస్తుంది. జడ్6-2 కిటికీలో చూసి తీస్తే సుమారు 340. ఇవి ఒక పద్ధతి ప్రకారం వేసిన కొలతలు, గబగబా తీసినప్పుడు ఎక్కువే వస్తాయి. అయినా రాత్రంతా సాగే పెళ్ళికి నాలుగు బ్యాటరీలు జేబులో ఉండవలసిందే. దీనికి బదులుగా బరువు తగ్గుతుంది. బ్యాటరీతో సహా పాతది సుమారు 840 గ్రాములు, కొత్తది 705. ఎనిమిది గంటలు మెడన మోసేవాడికి ఆ తేడా తెల్లవారేసరికి బాగా తెలుస్తుంది.

అసలు ఆస్తి లెన్సులు

కెమెరా కొనేవారు గుర్తుంచుకోవలసిన ముఖ్య సంగతి ఇది: కెమెరా పెట్టె పంట వంటిది, లెన్సులు పొలం వంటివి. పెట్టె నాలుగైదేళ్ళకు మారుతుంది. లెన్సు జాగ్రత్తగా ఉంచితే ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది. అద్దానికి చోటు కావాలి గనుక పాత నికాన్ కెమెరాలలో లెన్సు బిగించే కట్టుకూ సెన్సారుకూ మధ్య 46.5 మిల్లీమీటర్ల దూరం ఉండేది. అద్దం పోయాక అది 16 మిల్లీమీటర్లకు తగ్గింది. కెనాన్‌లో 44 నుంచి 20 కి దిగింది. ఆ ఖాళీని పూడ్చే గొట్టమే అడాప్టరు. దానితో పాత లెన్సు కొత్త కెమెరాకు తగులుతుంది. ఎడం తక్కువైన కొత్త లెన్సును మాత్రం పాత కెమెరాకు తగిలించలేము. దారి ఒకవైపే.

అడాప్టరులోనూ చూచుకోవలసిన మెలిక ఉన్నది. మా అబ్బాయి లెన్సులు మూడింటిలో రెండింటికి లోపలే మోటారు ఉన్నది. అవి కొత్తదాని మీద చక్కగా పనిచేసినవి. మూడవది పాత డి రకం 50 మిల్లీమీటర్ల లెన్సు. అది పాత కెమెరాలోని మోటారు మీద ఆధారపడేది. ఆ అడాప్టరులో మోటారు లేదు కనుక చేతితో తిప్పుకోవలసిందే. ఈ పరీక్ష చేయకుండా అంతా మార్చివేసి ఉంటే, బంగారం లాంటి రెండు లెన్సులు కారుచవకగా చేయి దాటి ఉండేవి.

చివరకు మేము వేసిన లెక్క ఇది. కొత్త కెమెరా పెట్టె ఒక్కటి అడాప్టరుతో లక్ష రూపాయలు అవుతుందని అనుకుందాము. ఏడాదికి పాతిక చొప్పున నాలుగేళ్ళలో నూరు ముహూర్తాలు. ముహూర్తానికి వేయి రూపాయలు పడుతుంది. అది సంపాదనలో నుంచి తీయగల ఖర్చు. మొత్తం మార్చితే దానికి మూడు నాలుగు రెట్లు, పైగా వడ్డీ. అబ్బాయి ఒక డి750 ని అమ్మి, దానికి కొంత జోడించి మిర్రర్‌లెస్ ఒకటి తీసుకున్నాడు. రెండవ డి750 ని గ్రూపు ఫొటోలకూ, ఆపద్ధర్మానికీ ఉంచుకున్నాడు. గొలుసు తల్లి మెడలోనే ఉన్నది.

ఎవరికి ఏది?

పెళ్ళి ఫొటోలు వృత్తిగా కొత్తగా మొదలుపెట్టేవారు, పాత లెన్సులు లేనివారు మిర్రర్‌లెస్‌తోనే మొదలుపెట్టడం మంచిది. రేపు కొనే లెన్సులు ఆ కట్టుకే వస్తాయి. పాత లెన్సులు ఉన్నవారు మా అబ్బాయి మార్గాన ఒక్కొక్క మెట్టే ఎక్కవచ్చును.

సరదాకు నేర్చుకునే కాలేజీ పిల్లలకు, పిల్లల పుట్టినరోజులూ తీర్థయాత్రలూ ఫొటో తీసుకునే గృహస్థులకు ఒకరు వాడి ఇచ్చిన డి.ఎస్.ఎల్.ఆర్. చవకలో దొరికితే చిన్నతనంగా భావించనక్కరలేదు. కొనేముందు షట్టరు ఎన్నిసార్లు కొట్టుకున్నదో లెక్క అడగండి. లెన్సును దీపానికి ఎదురుగా పెట్టి లోపల సాలెగూడు వంటి మరకలు ఉన్నాయేమో చూడండి. మన కృష్ణా డెల్టా తేమకు లెన్సులో బూజు పట్టడం సర్వసాధారణం. అద్దం ఉన్నా లేకపోయినా కెమెరాకు ఇక్కడ అసలు శత్రువు అదే. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. బియ్యంలో పెడితే తవుడు దుమ్ము అంటుకుంటుంది.

కొల్లేటి పక్షుల మీద మోజు ఉన్నవారికి రెండూ తగినవే. ఆటపాక దగ్గర గూడబాతులు చెట్ల మీద కూర్చున్నప్పుడు గంటల తరబడి కనిపెట్టుకొని చూడడానికి బ్యాటరీ తినని పాత కిటికీ హాయి. అవి రెక్క విప్పి లేచినప్పుడు, పక్షి కన్నును కూడా గుర్తుపట్టే కొత్త మిర్రర్‌లెస్‌లకు పట్టు ఎక్కువ. ఏదయినా పొడుగాటి లెన్సు లేనిదే పక్షి చుక్కంత పడుతుంది. కనుక డబ్బు ముందు లెన్సుకు కేటాయించండి.

ఇక పెళ్ళిళ్ళు కుదుర్చుకునే తల్లిదండ్రులకు ఒక మనవి. ఫొటోగ్రాఫరును కెమెరా పేరు అడిగితే మీకు తెలిసేది ఆ పేరొక్కటే. మీరు అడిగే ఆ ఒక్క మాటకు జడిసి ఎక్కడో ఒక ఇంట్లో గొలుసు బ్యాంకుకు నడుస్తుంది. దానికి బదులు, ఏరి కూర్చిన నాలుగు బొమ్మలు కాక ఒకే పెళ్ళి ఆల్బము మొదటి నుంచి చివరి దాకా చూపమనండి. మీ ముహూర్తం రాత్రి రెండు గంటలకయితే, రాత్రి రెండు గంటల ముహూర్తానికి తీసిన ఆల్బమే తెమ్మనండి. పెళ్ళికూతురు కళ్ళు అందులో స్పష్టంగా కనపడితే, కెమెరాలో అద్దం ఉన్నదా లేదా అన్నది మీరు విచారించనక్కరలేదు.